జీవితకథ రాసిపెట్టే సర్వీసు: మాట వినే మనిషి ఉన్న ప్లానే తీసుకోండి

పెద్దవాళ్ల జీవితకథను పుస్తకంగా వేసిచ్చే ఒక ఆన్‌లైన్ సర్వీసును మా నాన్నగారి కోసం తీసుకున్నాను. ఇందులో రెండు ప్లాన్లున్నాయి. మొదటిదాంట్లో యాప్ వారానికో ప్రశ్న పంపుతుంది, జవాబు మనమే రికార్డు చేయాలి. రెండోదాంట్లో వాళ్ల మనిషే ఫోన్ చేసి మాట్లాడిస్తారు.

యాప్ "మీరు జీవితంలో సాధించిందేమిటి?" అని అడిగితే నాన్న "ఏముందీ, ఉద్యోగం చేశాను, పిల్లల్ని చదివించాను" అని ముగించేశారు. ప్రశ్నలన్నీ దాదాపు ఇదే ధోరణి.

ప్లాన్ మార్చాం. ఫోన్ చేసిన అమ్మాయి ఆయన లెక్కల ఉద్యోగం గురించి వింటూ, "ప్రతి మొత్తం రెండుసార్లు కూడతానన్నారు కదా సార్, ఆ అలవాటు ఎవరు చేశారు?" అంది. అంతే, తన మొదటి హెడ్ అకౌంటెంట్ గురించి నాన్న ఆపకుండా చెప్పుకుపోయారు. పైనుంచి కిందికి కూడాక, కిందినుంచి పైకి మళ్లీ కూడించేవారట. రెండూ కలిస్తేనే సంతకం. కలవకపోతే కసురుకునేవారు కాదు, కుర్చీ దగ్గరికి జరుపుకుని తానూ పెన్సిలు పట్టుకునేవారట. పక్క గదిలో వింటున్న నాకు ఒళ్లు జలదరించింది. నేనూ అలాగే కూడతాను. నా కూతురూ అంతే. ఆ హెడ్ అకౌంటెంట్ గారి మొహం కూడా మేం చూడలేదు!

యాప్‌కీ మనిషికీ ఇంత తేడా ఎందుకా అనుకుంటే పసివాళ్లు భాష ఎలా నేర్చుకుంటారో పరిశోధించిన శాస్త్రవేత్త పాట్రీషియా కూల్ బృందం 2003లో ప్రచురించిన ప్రయోగం గుర్తొచ్చింది. తొమ్మిది నెలల అమెరికన్ పసివాళ్ల ముందు కూర్చుని 12 విడతలు మాండరిన్‌లో, అంటే చైనీస్ భాషలో, మాట్లాడితే ఆ పసివాళ్లు ఆ భాష ధ్వనుల తేడా పట్టుకున్నారు. అదే వీడియోలో చూసినవాళ్లకు పట్టుబడలేదు. నేర్చుకోవడానికే కాదు, నేర్పినవాళ్లను తలుచుకోవడానికీ ఎదుట మనిషి కావాలేమోనని నాకనిపిస్తుంది.

లోపం ఎడిటింగ్‌లో ఉంది. మొదటి ప్రతిలో హెడ్ అకౌంటెంట్ గారి భాగాన్ని "కథకు సంబంధం లేదు" అని రెండు వాక్యాలకు కుదించారు. నాన్న కథంటే అదే కదా! గట్టిగా పట్టుబట్టాక పూర్తిగా పెట్టారు. నాన్న మాట తీరును పుస్తక భాషలోకి మార్చడమూ నచ్చలేదు. ఫొటోల ముద్రణ ఫర్వాలేదు.

తీసుకునేవాళ్లు రెండో ప్లానే తీసుకోండి. అచ్చుకు ఒప్పుకునే ముందు రికార్డింగులు దగ్గర పెట్టుకుని, మీవాళ్లు తలుచుకున్న మనుషులందరూ పుస్తకంలో ఉన్నారో లేదో ఒక్కొక్కరినీ సరిచూడండి.