వాక్యం చివరి మాటను కోసేసే ఏఐ టూళ్లతో జాగ్రత్త

గంటసేపు సాగే ఇంటర్వ్యూను అప్‌లోడ్ చేస్తే చాలు, షార్ట్స్ (చిన్న నిలువు వీడియోలు) వాటంతటవే తయారవుతాయని చెప్పే ఏఐ టూళ్లు ఇప్పుడు చాలా వచ్చాయి. అలాంటి ఒకదానికి మేము ఏడాది చందా కట్టాం. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. ఈ తరహా టూల్ ఏది కొన్నా ఇవే ఇబ్బందులు ఎదురుకావచ్చు కాబట్టి డబ్బు కట్టే ముందు ఇది చదవండి. తెలుగులో మాట్లాడే వీడియోలు చేసేవారు మరీ ముఖ్యంగా చదవాలి.

ముందుగా చెప్పాల్సిన సంగతి డబ్బు కంటే పెద్దది. మా ఇంటర్వ్యూలో ఒక వైద్యురాలు మధుమేహం గురించి మాట్లాడుతూ, “షుగరు అదుపులోకి వచ్చింది కదా, ఇక మాత్రలు ఆపేయవచ్చు” అని ఒక్క క్షణం ఆగారు. ఆ వెంటనే, “అని చాలామంది అనుకుంటారు. డాక్టరును అడగకుండా ఎప్పుడూ అలా చేయకండి” అన్నారు. ఆ క్షణంపాటు వచ్చిన నిశ్శబ్దం దగ్గరే టూల్ క్లిప్‌ను ముగించేసింది. “మాత్రలు ఆపేయవచ్చు” అన్న మాటనే పెద్ద అక్షరాలతో శీర్షికగా పెట్టింది. ఆ వీడియో నుంచి తీసిన క్లిప్పులన్నిటిలో దీనికే ఎక్కువ వైరల్ స్కోరు, అంటే క్లిప్ ఎంత బాగా జనంలోకి వెళ్తుందో టూల్ అంచనా వేసి ఇచ్చే మార్కు, ఇచ్చింది. దానంతట అదే పోస్ట్ చేసే సౌకర్యాన్ని మేము మొదటినుంచీ ఆపి ఉంచాం కాబట్టి అది బయటికి వెళ్లలేదు. లేకుంటే ఆమె ముఖంతో, ఆమె గొంతుతో, ఆమె చెప్పినదానికి పూర్తిగా విరుద్ధమైన సలహా జనంలోకి పోయేది. దాన్ని నమ్మి ఎవరైనా మందులు మానేస్తే ఆ బాధ్యత ఎవరిది?

ఇలాంటి కోతలు మిగతా వీడియోల్లోనూ కనిపించాయి. తెలుగులో మాట ఎటు తేలుతుందో వాక్యం చివరికి గానీ తెలియదు. కాదు, లేదు, వద్దు, అంటారు, అనుకుంటారు... ఇవన్నీ చివరే వస్తాయి. మాట్లాడేవాళ్లు చాలాసార్లు సరిగ్గా వాటికి ముందే ఊపిరి తీసుకుంటారు. విరామాన్ని చూసి కోసే టూల్ చేతిలో ముందుగా పోయేవి ఆ మాటలే. వైరల్ స్కోరు వట్టి అంచనా. మాట పూర్తయిందా, అర్థం నిలబడిందా అన్నది అది చెప్పదు. ఆరోగ్యం, చట్టం, డబ్బు గురించిన వీడియోలైతే ప్రతి క్లిప్‌నూ అసలు వీడియో పక్కన పెట్టి, దాని తర్వాతి అర నిమిషం కూడా విన్నాకే పోస్ట్ చేయండి. క్లిప్ పొడవు గురించి కంగారు పడి మాటను కుదించకండి. 2024 అక్టోబర్ 15 నుంచి యూట్యూబ్ షార్ట్స్ 3 నిమిషాల దాకా ఉండవచ్చు. ఒక సమాధానం పూర్తిగా చెప్పడానికి అది చాలు.

సబ్‌టైటిళ్లు ఇంకో తలనొప్పి. తెలుగు వచ్చునని ప్రకటనలో రాసి ఉంది. నిజానికి వినడం ఒక పని, తెరమీద చూపించడం ఇంకో పని. ఆ టూల్ ఆకర్షణగా చూపించిన ఫాంట్లలో చాలావాటిలో తెలుగు అక్షరాలే లేవు. ఉన్నవాటిలోనూ ఒత్తులు విడిపోయి, “రాష్ట్రం” అన్న మాట పొల్లులతో ముక్కలుగా కనిపించింది. మధ్యలో ఇంగ్లిషు మాటలు, మందుల పేర్లు వస్తే మరీ ఘోరం. దిద్దడానికి పట్టిన సమయంలో మనమే చేత్తో కత్తిరించుకోవచ్చు.

చిత్రం సంగతి కూడా చూసుకోండి. 1920×1080 వీడియోను పూర్తి ఎత్తుతో నిలువుగా కత్తిరిస్తే వెడల్పులో సుమారు 608 పిక్సెళ్లే మిగులుతాయి. అంటే తెరలో మూడో వంతు కూడా ఉండదు. దాన్నే మళ్లీ 1080 వెడల్పుకు సాగదీస్తారు కాబట్టి మసకబారుతుంది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చున్న ఇంటర్వ్యూలో మా టూల్ చాలాసార్లు జవాబు చెప్పేవారిని వదిలేసి, తల ఊపుతున్నవారిని చూపించింది. స్లైడ్లు, పట్టికలు చూపిస్తూ చెప్పే పాఠాలకైతే ఈ కోత అసలు పనికిరాదు.

ఇక డబ్బు. చందాతో వచ్చే వాడకం కోటాను క్రెడిట్లు అంటారు. అవి మనకు వచ్చిన క్లిప్పులను బట్టి పోతాయని అనుకుంటాం. ఇక్కడ మాత్రం అప్‌లోడ్ చేసిన ప్రతి నిమిషానికీ పోయాయి. గంట వీడియోలో ఒక్క క్లిప్ కూడా పనికి రాకపోయినా 60 నిమిషాల క్రెడిట్లు ఖర్చయినట్టే. అదే వీడియోను వేరే సెట్టింగుతో మళ్లీ నడిపితే మళ్లీ అంతే. నెలలో మిగిలినవి వచ్చే నెలకు రావు. పైన పెద్దగా కనిపించిన నెలసరి ధర, ఏడాది మొత్తం ఒకేసారి కడితేనే వర్తించేది. చందా రద్దు చేస్తే వచ్చే ఏడాది వసూలు ఆగింది, అంతే. కొన్ని క్రెడిట్లు వాడారు కాబట్టి డబ్బు వాపసు ఇవ్వలేమన్నారు. క్లిప్‌లో వైద్య సలహా తలకిందులైందని రుజువులతో రాసినా, నిబంధనలు చూడమనే జవాబు వచ్చింది. ఆ తీరు నన్ను ఇంకా ఎక్కువ బాధించింది.

అందుకే ఏడాది ప్లాన్ జోలికి పోకుండా ముందు ఉచిత వాడకంలోనే పరీక్షించండి. వాళ్లు చూపించే నమూనా వద్దు. మీ వీడియోల్లో అన్నిటికంటే కష్టమైనది, ఇద్దరు ఒకరి మాట మీద ఒకరు మాట్లాడేది, ఇంగ్లిషు మాటలు కలిసినది వేయండి. సబ్‌టైటిళ్లను ఎస్ఆర్‌టీ ఫైలుగా (మాటలు, అవి కనిపించాల్సిన సమయాలు ఉండే టెక్స్ట్ ఫైలు) బయటికి ఇస్తుందో లేదో చూడండి. ఆ ఫైలు ఉంటే, తెలుగు ఫాంటు సరిగ్గా పడే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకుని దిద్దుకోవచ్చు. డావిన్చీ రిజాల్వ్ లాంటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లు ఉచితంగానే దొరుకుతాయి, కానీ వాటిలో తెలుగు సరిగ్గా పడుతోందో లేదో ముందు చూసుకోండి. ప్లాన్ ముగిశాక పాత క్లిప్పులు ఎన్నాళ్లు ఉంచుతారో, మీ వీడియోలను ఏఐ శిక్షణకు వాడుకుంటారో లేదో నిబంధనల్లో వెతకండి.

ఇప్పటికే ఇలాంటి టూల్‌ను మీ ఛానల్‌కు కలిపి ఉంటే, చందా రద్దు చేయగానే ఆ అనుమతి పోయిందని అనుకోకండి. గూగుల్ ఖాతాలో థర్డ్ పార్టీ యాప్‌ల (మీ ఖాతాకు అనుమతి పొందిన బయటి యాప్‌ల) జాబితా తెరిచి దాని పేరు ఇంకా ఉందేమో చూడండి. ఉంటే అక్కడే తొలగించండి. క్లిప్పుల్లో పనికొచ్చేవి ఉంటే రద్దు చేసే ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.