త్రీఫేజ్ ఇళ్లవాళ్లకి జాగ్రత్త: డీబీలో కరెంటు సెన్సార్ పెట్టించుకునే ముందు ఇది చదవండి

ఏ వస్తువు ఎంత కరెంటు లాగుతోందో ఫోన్‌లో చూపిస్తామంటూ డీబీలో, అంటే మీటరు నుంచి వచ్చే కరెంటుని గదులకి పంచే బాక్సులో, బిగించే సెన్సార్లు ఈమధ్య చాలామంది అమ్ముతున్నారు. మా హైదరాబాద్ ఫ్లాట్‌లో అలాంటి సెట్ ఒకటి పెట్టించాం. దానివల్ల రెండు రకాలుగా నష్టపోయాం. యాప్ చూపించిన లెక్క తప్పు కావడంతో కరెంటు బిల్లు మేము అనుకున్నదానికి రెట్టింపు వచ్చింది. అంతకంటే పెద్ద సంగతి, సెన్సార్ బిగించిన మనిషి న్యూట్రల్ వైరుని వదులుగా వదిలేసి పోవడంతో టీవీ, సెట్‌టాప్ బాక్స్, వైఫై రౌటర్ అడాప్టర్ కాలిపోయాయి. ఇల్లు అంటుకోలేదు, అదే పదివేలు.

కంపెనీ పేరు రాయడం లేదు. ఫిర్యాదు నడుస్తోంది. పైగా లోపల ఒకే సరుకు ఉన్న పెట్టెలే వేరువేరు పేర్లతో దొరుకుతున్నాయి కాబట్టి పేరు చూసి తప్పించుకోవడం కుదరదు. పని ఎలా చేస్తున్నారో మీరు పక్కన నిలబడి చూసుకోవాలి. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అసలు ఇవి ఎందుకు కొంటున్నామో తెలంగాణ వాళ్లకి చెప్పక్కర్లేదు. అంతా 200 యూనిట్ల గీత దగ్గరే ఉంది. 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన టారిఫ్‌లో వాడకం 100 దాటి 200 యూనిట్ల లోపు ఉంటే మొదటి వందకి యూనిట్‌కి 3.40, తర్వాతి వందకి 4.80. అంటే 200 యూనిట్లకి ఎనర్జీ చార్జీలు 820 రూపాయలు. 201వ యూనిట్ తిరిగిందంటే మొత్తం లెక్క మారిపోతుంది. మొదటి రెండొందలకీ 5.10 చొప్పున, ఆపైన 300 దాకా 7.70 చొప్పున వేస్తారు. ఆ ఒక్క యూనిట్‌కి రెండొందల రూపాయల పైన తేడా. గృహజ్యోతి పథకం కింద జీరో బిల్లు వచ్చే ఇళ్లకైతే ఇది ఇంకా పెద్ద విషయం. 200 దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి. నెల మధ్యలోనే ఎక్కడున్నామో తెలిస్తే ఏసీ కాస్త తగ్గించుకోవచ్చు కదా అని అందరూ ఆశపడతారు. అమ్మేవాళ్లు చెప్పేది కూడా అదే.

మా యాప్ ఆ నెల 160 యూనిట్లు అని చూపించింది. మీటరు రీడింగ్ తీస్తే 240. ఎనర్జీ చార్జీలు 628 దాకా వస్తాయనుకుంటే 1328 వచ్చాయి. సెన్సార్ లేకుండా ఉంటే అనుమానంతోనైనా జాగ్రత్త పడేవాళ్లం. తప్పు లెక్క చూపించి ధీమా ఇచ్చింది, అదే మా కొంప ముంచింది.

తప్పు ఎక్కడ జరిగిందో మా అపార్ట్‌మెంట్ పనులు చూసే ఎలక్ట్రీషియన్ విప్పి చూపించాడు. ఈ సెన్సార్లలో ఒక్కో ఫేజ్ వైరు చుట్టూ ఒక్కో క్లాంప్ వేస్తారు. అది చిన్న కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్, సీటీ అంటారు. వైరుని కోయక్కర్లేదు, చుట్టూ మూసేస్తే చాలు, లోపల పారే కరెంటుని కొలుస్తుంది. దానికి తోడు మెషిన్‌కి మూడు ఫేజ్‌ల నుంచీ వోల్టేజీ వైర్లు ఇవ్వాలి. మూడు ఫేజ్‌లనీ రెడ్, ఎల్లో, బ్లూ అంటారు. రెడ్ ఫేజ్ వోల్టేజీ ఇచ్చిన చానల్‌కి రెడ్ మీది క్లాంపే ఉండాలి. మిగతా రెండూ అంతే. మా ఇంట్లో ఎల్లో, బ్లూ క్లాంపులు తారుమారయ్యాయి.

బిగించిన రోజు జరిగింది ఇది. గీజర్ వేస్తే యాప్‌లో మైనస్ వెయ్యి వాట్లు అని వచ్చింది. ఇన్‌స్టాలర్ "క్లాంప్ తిరగబడింది సార్" అని దాన్ని తీసి అటుది ఇటు తిప్పి పెట్టాడు. ప్లస్ వెయ్యి అయింది. బ్లూ ఫేజ్ మీదున్న ఏసీకీ అలాగే చేశాడు. "రీడింగ్ వచ్చేసింది, చూస్కోండి" అని ఫోన్ చూపించి వెళ్లిపోయాడు. గీజర్ మీద 2000 వాట్లని స్పష్టంగా రాసి ఉంది.

సరిగ్గా సగం ఎందుకు వచ్చిందంటే, ఏ రెండు ఫేజ్‌ల వోల్టేజీల మధ్యనైనా 120 డిగ్రీల తేడా ఉంటుంది. వాట్లు లెక్కగట్టడానికి వోల్టేజీని, కరెంటుని, వాటి మధ్య కోణపు కొసైన్‌ని గుణిస్తారు. 120 డిగ్రీల కొసైన్ విలువ మైనస్ 0.5. కాబట్టి గీజర్, ఇస్త్రీపెట్టె లాంటి హీటర్ సామాన్లు వేరే ఫేజ్ వోల్టేజీతో జతపడితే మైనస్‌లో సగం వాట్లు చూపిస్తాయి. క్లాంప్ తిప్పితే మైనస్ పోతుంది, సగం అలాగే ఉంటుంది. మోటారు ఉన్నవాటిలో తప్పు ఇంకో రకంగా, ఒక్కోసారి ఎక్కువ, ఒక్కోసారి తక్కువ చూపిస్తుంది. మైనస్ వచ్చిందంటే క్లాంప్ నిజంగానే తిరగబడి ఉండొచ్చు, కాదనను. కానీ తిప్పాక వచ్చిన అంకె గీజర్ మీద రాసిన వాట్లతో సరిపోవాలి. సరిపోలేదంటే ఫేజ్‌లు తారుమారయ్యాయనే ముందు అనుమానించండి.

దీన్ని పట్టుకోవడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. ఇంట్లో అన్నీ ఆపేసి గీజర్ ఒక్కటే వేయండి. మీ మీటరు మీద చిన్న ఎర్రలైటు వెలిగి ఆరుతుంటుంది, పక్కనే ఒక కిలోవాట్ అవర్‌కి ఎన్ని పల్స్‌లో అంకె ముద్రించి ఉంటుంది. అది 1600 అయితే 1600 సార్లు వెలిగితే ఒక యూనిట్. 2 కిలోవాట్ల గీజర్ ఒక్కటే నడిస్తే నిమిషానికి దాదాపు 53 సార్లు వెలగాలి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని లెక్కపెట్టండి, యాప్‌తో పోల్చండి. ఇదే పరీక్ష మూడు ఫేజ్‌ల మీదా విడివిడిగా చేయాలి. ఒక్కో ఫేజ్ మీదున్న ఒక్కో గదిలో ఇస్త్రీపెట్టెని మార్చి మార్చి పెట్టినా సరిపోతుంది. ఇన్‌స్టాలర్ ఉండగానే చేయించండి. పది నిమిషాల పని.

ఇక న్యూట్రల్ సంగతి. దయచేసి ఇది మాత్రం ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

ఆ మెషిన్‌కి న్యూట్రల్ కూడా కావాలి. మా డీబీలో న్యూట్రల్ లింక్ (న్యూట్రల్ వైర్లన్నీ బిగించే పట్టీ) మీద ఖాళీ స్క్రూ లేదని ఇన్‌స్టాలర్ మీటరు నుంచి వచ్చే మెయిన్ న్యూట్రల్ ఉన్న రంధ్రంలోనే మెషిన్ తాలూకు సన్న వైరుని దూర్చి స్క్రూ బిగించాడు. ఒక రంధ్రంలో లావు కేబుల్, దాని పక్కన వెంట్రుకల్లాంటి పోగులున్న సన్న తీగ. స్క్రూ రెండింటినీ సమానంగా పట్టదు. బయటికి బిగిసినట్టే కనిపిస్తుంది. లోడ్ పడి వేడెక్కి, చల్లారి, మళ్లీ వేడెక్కి లావు కేబుల్ మెల్లగా వదులైపోయింది. తర్వాత మూత విప్పి చూస్తే దాని ఇన్సులేషన్ వేలెడంత మేర నల్లగా కమిలి, స్క్రూ తల రంగు మారి ఉంది.

త్రీఫేజ్‌లో మెయిన్ న్యూట్రల్ వదిలితే కరెంటు పోదు. చాలామందికి తెలియనిది ఇదే. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టులు ఉండాల్సింది, ఫేజ్‌కీ ఫేజ్‌కీ మధ్య ఉండే 400 పైచిలుకు వోల్టులు ఇంట్లోని సామాన్ల మీదుగా పంచుకోవడం మొదలవుతుంది. ఎక్కువ లోడ్ ఉన్న ఫేజ్ మీద వోల్టేజీ పడిపోతుంది, తక్కువ లోడ్ ఉన్న ఫేజ్ మీద పెరిగిపోతుంది. ఆ రాత్రి గీజర్ ఆన్‌లో ఉంది. నీళ్లు ఎంతసేపటికీ కాగలేదు, బాత్రూమ్ లైటు డిమ్ముగా ఉంది. అదే సమయంలో హాల్లో లైట్లు కళ్లు చెదిరేలా వెలుగుతున్నాయి, ఫ్యాన్ ఎన్నడూ లేనంత వేగంగా తిరుగుతోంది. టీవీ లోంచి టప్‌మని శబ్దం, కాలిన వాసన. ఎలక్ట్రీషియన్ పరుగున వచ్చి హాల్లో ప్లగ్ దగ్గర మల్టీమీటర్ పెడితే 300 దాటి చూపించింది. ఫ్రిజ్‌కి స్టెబిలైజర్ ఉండబట్టి అది కట్ చేసుకుని ఫ్రిజ్‌ని కాపాడింది.

ఎంసీబీ (డీబీలో తనంతట తాను పడిపోయే స్విచ్) పడలేదేమని అడగొచ్చు. పడదు. ఎంసీబీ కరెంటు మితిమీరితే పడుతుంది, ఆర్‌సీసీబీ లీకేజీ ఉంటే పడుతుంది. ఇక్కడ పెరిగింది వోల్టేజీ. దానికి వేరే పరికరం ఉంది, న్యూట్రల్ పోయినా వోల్టేజీ ఎక్కువైనా సప్లై కట్ చేసే ప్రొటెక్టర్. త్రీఫేజ్ ఇంట్లో సెన్సార్ కంటే ముందు పెట్టించుకోవాల్సింది అదే. మేము ఇప్పుడు అదే పెట్టించాం.

ఫేజ్ వైర్ల విషయంలో కూడా పని అంతే నాసిగా ఉంది. మెషిన్‌కి వెళ్లే మూడు సన్న తీగల్ని 40 ఆంపియర్ల మెయిన్ ఎంసీబీ అవుట్‌పుట్ నుంచి నేరుగా లాగాడు. మధ్యలో ఫ్యూజు లేదు, చిన్న ఎంసీబీ లేదు. ఆ తీగ మోయలేనంత కరెంటు పారి కాలిపోతున్నా 40 ఆంపియర్లు దాటకపోతే మెయిన్‌కి పట్టదు. తీగ సైజుకి తగ్గ ఫ్యూజో, విడిగా చిన్న ఎంసీబీయో ఉండి తీరాలి. న్యూట్రల్‌కి స్థలం లేకపోతే కొత్త లింక్ వేయాలి, లేదా పెద్ద డీబీ పెట్టాలి. మెయిన్ న్యూట్రల్ స్క్రూ జోలికి మాత్రం సెన్సార్ బిగించేవాళ్లని ఎవరినీ వెళ్లనివ్వొద్దు. క్లాంపులు పట్టడం లేదని ముందుండే ప్లాస్టిక్ ప్లేటు తీసి పక్కన పడేస్తారు, అది కూడా ఒప్పుకోకండి. మూత తెరిస్తే కరెంటున్న బస్‌బార్ (ఎంసీబీలకి కరెంటు పంచే లోహపు పట్టీ) చేతికి తగులుతుంది. పిల్లలున్న ఇళ్లు మనవి.

ఇంకో మాట. డీబీలో చోటు లేదు, మీటరు దగ్గర పెడదామని ఇన్‌స్టాలర్ ముందు అడిగాడు. మీటరు సీలు కదిలిందంటే మీరు ఎంత చెప్పినా ఎవరూ వినరు. మీటరు ట్యాంపరింగ్ విద్యుత్ చట్టం 2003 సెక్షన్ 135 కింద దొంగతనం కేసు అవుతుంది. ఆ మాట అన్న మనిషిని అక్కడి నుంచే పంపించేయండి.

డబ్బుల సంగతికొస్తే, సెన్సార్ సెట్‌కి ఆన్‌లైన్‌లో బిల్లు వచ్చింది. బిగించినందుకు మాత్రం ఇన్‌స్టాలర్ తన సొంత నంబరుకి యూపీఐ చేయించుకున్నాడు. టీవీ కాలిందని ఫోన్ చేస్తే కంపెనీవాళ్లు "ఇన్‌స్టాలర్ మా మనిషి కాదండి, వస్తువులో లోపం ఉంటే చెప్పండి" అన్నారు. ఆ నంబరు ఇచ్చింది వాళ్లే, పంపింది వాళ్లే. వాట్సాప్‌లో ఆ మెసేజ్ ఉండబట్టి ఫిర్యాదు నిలబడింది. సెన్సార్ డబ్బు వెనక్కి ఇస్తామంటున్నారు, టీవీ మాట ఎత్తితే జవాబు లేదు. మీరు కొంటే సరుకు, బిగింపు రెండూ ఒకే బిల్లులో ఉండాలని పట్టుబట్టండి. వచ్చే మనిషి లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ తరఫున వస్తున్నాడో లేదో రాతలో అడగండి. పని ముందూ తర్వాతా డీబీ లోపల ఫోటోలు తీసి పెట్టుకోండి. 2020 ఈకామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్ సైట్‌కి ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అది జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అదీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, 5 లక్షల లోపు కేసుకి ఫీజు కూడా లేదు.

యాప్ గురించి కొద్దిగా. ఏ వస్తువు నడుస్తోందో ఏఐ తానే గుర్తుపడుతుందని ప్రకటనల్లో చెబుతారు. మొత్తం కరెంటులోంచి వస్తువుల్ని విడదీసే పద్ధతి మీద 1980ల నుంచే అమెరికాలో ఎంఐటీలో పని జరిగింది, ఉత్త మాటేం కాదు. గీజర్ లాంటి ఒక్కసారిగా పడే లోడ్‌ని పట్టగలదు. కానీ మెల్లగా పెరిగి తగ్గే ఇన్వర్టర్ ఏసీని గుర్తుపట్టడం దానికి కష్టం, మన ఇళ్లలో ఎక్కువ కరెంటు లాగేది అదే. సర్వర్ మీదే ఆధారపడే యాప్ అయితే కంపెనీ మూసేసిన రోజున ఆ పెట్టె పనికిరాదు. గూగుల్ అంతటిది ఇంటి కరెంటు వాడకం చూపించే సర్వీసు ఒకటి 2009లో పవర్‌మీటర్ అని మొదలుపెట్టి 2011లో ఆపేసింది. మైక్రోసాఫ్ట్ పెట్టిన అలాంటి సర్వీసు హోమ్ (Hohm) కూడా 2012లో ఆగిపోయింది. ఇంటర్నెట్ తీసేసినా ఇంటి వైఫైలో రీడింగ్ కనిపిస్తుందా అని కొనకముందే అడగండి.

ఇప్పటికే పెట్టించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, మెయిన్ ఆపించి, న్యూట్రల్ స్క్రూలన్నీ ఒకసారి బిగించి చూడమనండి. ఒక రంధ్రంలో రెండు వైర్లుంటే విడదీయించండి. ఈలోపు ఎప్పుడైనా ఒక గదిలో లైట్లు డిమ్ముగా, ఇంకో గదిలో మామూలు కంటే ఎక్కువగా వెలుగుతున్నాయంటే ఒక్కొక్క స్విచ్ ఆపుకుంటూ కూర్చోకండి. ముందు మెయిన్ దించేయండి, ఆ తర్వాతే ఎవరికైనా ఫోన్ చేయండి.