స్వాన్ 'ప్రాక్టికల్ ఇంగ్లీష్ యూసేజ్': ఏళ్ల తరబడి వాడాక నా మాట

పెద్దవాళ్లకు ఇంగ్లీష్ చెప్పడం కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఏ పుస్తకం కొనమంటారని అడిగితే నేను చెప్పే పేరు ఒకటే: ఇంగ్లీష్ వాడకంలో వచ్చే సందేహాలు తీర్చేలా మైకేల్ స్వాన్ రాసిన 'ప్రాక్టికల్ ఇంగ్లీష్ యూసేజ్'. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ 1980లో వేసింది. ఆ తర్వాత 1995లో, 2005లో, 2016లో కొత్త ఎడిషన్లు వచ్చాయి. నా బల్ల మీద మూడోది, నాలుగోది రెండూ ఉంటాయి. నేర్చుకునేవాళ్లకీ, నేర్పేవాళ్లకీ పనికొస్తుందనే అంటారు గానీ, వాడగా వాడగా నాకు అర్థమైంది మాత్రం ఇది నేర్పేవాళ్ల పుస్తకమని. ఎందుకో చెప్తాను.

నా సాయంత్రం బ్యాచ్‌కి వచ్చేవాళ్లు ఇంగ్లీష్ రానివాళ్లు కాదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, బ్యాంకు ఆఫీసర్లు, విదేశీ ఉద్యోగాల కోసం ఓఈటీ (వైద్యరంగం వాళ్లకు పెట్టే ఇంగ్లీష్ పరీక్ష) రాసే నర్సులు, ఉన్నట్టుండి ఇంగ్లీష్ మీడియంలో పాఠం చెప్పాల్సి వచ్చిన లెక్చరర్లు. చాలామంది స్కూల్లో రెన్ అండ్ మార్టిన్ గ్రామర్ పుస్తకం బట్టీ పట్టినవాళ్లే. యాక్టివ్ వాయిస్‌ని పాసివ్‌లోకి మార్చమంటే నిద్రలో లేపినా మార్చేస్తారు. వాళ్ల ఇబ్బంది వేరు. వాక్యంలో తప్పు కనపడదు, కానీ చదివినవాళ్లకు తేడా కొడుతుంది. "రూల్ ప్రకారం కరెక్టే కదా మేడం, మరి వాళ్లు ఇలా ఎందుకు అనరు?" అని అడుగుతారు. ఈ ప్రశ్నకు మామూలు గ్రామర్ పుస్తకాల్లో జవాబు దొరకదు. అవి ఏది రూలో చెప్పి ఊరుకుంటాయి.

స్వాన్ పద్ధతి అది కాదు. ఎవరు, ఏ సందర్భంలో, ఎవరితో మాట్లాడుతూ ఏ రూపం వాడతారో చెప్తారు. వివరణ రెండు మూడు వాక్యాల్లో అయిపోతుంది. కింద మామూలు మనుషులు మాట్లాడుకునే ఉదాహరణలు ఉంటాయి. వాటి పక్కనే, విదేశీయులు సాధారణంగా చేసే తప్పు వాక్యాన్ని కొట్టేసి మరీ చూపిస్తారు. ఆ కొట్టేసిన వాక్యాలే నాకు ఎక్కువ ఉపయోగపడ్డాయి. 'డిస్కస్' తర్వాత 'అబౌట్' పెట్టేవాళ్లు, 'ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే' అనేవాళ్లు మన దగ్గరే కాదు, ప్రపంచమంతా ఉన్నారని చూడగానే క్లాసులో సగం సిగ్గు పోతుంది.

ఇక అసలు కష్టమైన చోటుకు వద్దాం. 'ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యూ కుడ్ హెల్ప్ మీ' అనే వాక్యం ఒక బ్యాంకు ఆఫీసర్‌కి అస్సలు మింగుడుపడలేదు. "ఇప్పుడే కదండీ అడుగుతున్నాను, మరి 'వాజ్' ఏంటి? సాయం నిన్న కావాల్సి వచ్చిందనా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. టెన్స్ అంటే కాలమని మనమే నేర్పాం మరి. భూతకాల రూపం ఎప్పుడూ గడిచిపోయిన సంగతే చెప్పదు, ఒక్కోసారి అడిగే మాటను కాస్త దూరంగా పెట్టి మెత్తబరుస్తుందని స్వాన్‌లో శుభ్రంగా ఉంది. అది చదివి వినిపించాను. ఆయన తలూపారు గానీ, అర్థమైన తలూపు కాదది. అప్పుడు ఇలా అడిగాను:

"పక్కింటాయన్ని ఒక పూట కారు అడగాలి. ఏమంటారు?"

"ఏముందండీ, మీ కారు ఒక్క పూట అడుగుదామనుకున్నానండీ అంటాను."

"అనుకున్నారా, అనుకుంటున్నారా?"

ఆయన ఒక్క క్షణం ఆగి, పెద్దగా నవ్వేశారు. అంతే, ఆ పాఠం అయిపోయింది. 'అడగాలనుకుంటున్నాను' అంటే మొహం మీద అడిగినట్టు ఉంటుంది, 'అనుకున్నాను' అంటే అవతలి మనిషికి కాదనే వీలుంటుంది. ఈ మర్యాద మనకూ ఉంది, కాకపోతే మన నోట్లో ఉన్నదాన్ని మనం ఎప్పుడూ గమనించలేదు.

స్వాన్ నేర్పేవాళ్ల పుస్తకమని నేను అన్నది ఇందుకే. వివరణ సరైనదే, కానీ అది తెలుగువాడి లోపలికి దిగాలంటే మధ్యలో ఎవరో ఒకరు ఉండాలి. అన్ని దేశాలవాళ్ల కోసం రాసిన పుస్తకంలో మన కోసం ఆ పని ఉండదు, ఉండాలని అనడం కూడా సబబు కాదు.

'వుడ్' సంగతీ అంతే. ఒకే 'వుడ్' పాత అలవాటుకీ వాడతారు, జరగని సంగతికీ వాడతారని చెప్తే జనం జుట్టు పీక్కుంటారు. 'చిన్నప్పుడు రోజూ వచ్చేవాణ్ణి', 'తెలిసుంటే వచ్చేవాణ్ణి' అని బోర్డు మీద రాసి చూడండి. ఒకటి అలవాటు, ఒకటి జరగనిది, రూపం మాత్రం ఒకటే. 'ఇఫ్ ఐ హాడ్ నోన్, ఐ వుడ్ హావ్ కమ్' అనే థర్డ్ కండిషనల్‌ని సూత్రంలా బట్టీ పట్టినవాళ్లు కూడా దీంతో తేలికపడటం చూశాను. అయితే అన్నిచోట్లా తెలుగు ఆదుకోదు. 'ఇట్స్ టైమ్ వి లెఫ్ట్' అనే వాక్యంలో 'లెఫ్ట్' ఎందుకని అడిగితే, మన 'బయల్దేరాల్సిన టైమైంది'లో జవాబు లేదు. అక్కడ స్వాన్ వివరణే దిక్కు: జరగాల్సింది ఇంకా జరగలేదు, అందుకే వాస్తవం నుంచి దూరం చూపించే భూతకాల రూపం.

కామాల గొడవ ఇంకో రకం. 'మై బ్రదర్ హూ లివ్స్ ఇన్ డల్లాస్ ఈజ్ కమింగ్' అని కామాలు లేకుండా రాస్తే, నాకు అన్నదమ్ములు ఒకరికంటే ఎక్కువమంది ఉన్నారని, వాళ్లలో డల్లాస్ ఆయన వస్తున్నాడని అర్థం. 'హూ' ముందు ఒకటి, 'డల్లాస్' తర్వాత ఒకటి కామాలు పెడితే ఉన్నదే ఒక్క అన్నయ్య, డల్లాస్ అన్నది అదనపు కబురు. తెలుగులో రెండిటికీ 'డల్లాస్‌లో ఉన్న మా అన్నయ్య వస్తున్నాడు' అనే అంటాం. వినేవాళ్లకు మన ఇంటి సంగతి తెలిస్తే సరే, లేకపోతే లేదు. అందుకే ఇంగ్లీష్ బాగా వచ్చినవాళ్లు కూడా ఆ కామాల్ని అలంకారం అనుకుంటారు. మా బ్యాచ్‌లో ఒకాయన క్లయింట్‌కి 'ది సర్వర్స్, విచ్ ఫెయిల్డ్ లాస్ట్ నైట్, హావ్ బీన్ రీప్లేస్డ్' అని మెయిల్ పెట్టాడు. పోయినవి రెండే. కామాల పుణ్యమా అని మొత్తం సర్వర్లన్నీ పోయాయని అర్థం వచ్చింది, అవతలివాళ్లు టెన్షన్ పడి వెంటనే ఫోన్ చేశారట.

స్కూలు పుస్తకాల్లో డిఫైనింగ్, నాన్ డిఫైనింగ్ అని చదువుకున్న వీటిని స్వాన్ ఐడెంటిఫయింగ్, నాన్ ఐడెంటిఫయింగ్ అంటారు. కామాలున్న రకంలో 'దట్' వాడకూడదని, కామాల్లేని రకంలో కొన్నిచోట్ల 'హూ', 'విచ్', 'దట్' మొత్తానికే ఎగరగొట్టొచ్చని, మాట్లాడేటప్పుడు ఆ కామాల దగ్గర గొంతు కాస్త ఆగుతుందని వరసగా చెప్తారు. క్లాసులో నేను చేసేది ఇంతే: "ఏ సర్వర్లు?" అని అడుగుతాను. దానికి జవాబు 'విచ్' వాక్యమే అయితే కామా వద్దు. జవాబు ముందే తెలిసిపోతే కామా పెట్టు.

నర్సులకు ఈ పుస్తకంలో మోడల్ వెర్బ్స్ ('మస్ట్', 'షుడ్' లాంటి సహాయక క్రియలు) భాగం తప్పనిసరి అంటాను. ఓఈటీ రైటింగ్‌లో కేస్ నోట్స్ ఇచ్చి ఉత్తరం రాయమంటారు. ఒకమ్మాయి 'ది పేషెంట్ మస్ట్ హావ్ టేకెన్ ది టాబ్లెట్స్' అని రాసింది. ఆమె మనసులో ఉన్నది 'మాత్రలు వేసుకోవాల్సింది, వేసుకోలేదు' అని. చదివే డాక్టర్‌కి అర్థమయ్యేది 'వేసుకునే ఉంటాడు' అని. పూర్తిగా తలకిందులు. అక్కడ రావాల్సింది 'షుడ్ హావ్'. 'వేసుకోవాల్సి వచ్చింది' అనాలంటే 'హాడ్ టు'. ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఇక మర్చిపోరు. స్వాన్‌లో వీటి తేడాలన్నీ ఉన్నాయి, కానీ వేర్వేరు చోట్ల ఉన్నాయి. పక్కపక్కన పెట్టే పని మనదే.

ఇక లోటుపాట్లు. మొదటిది, ఎక్సర్‌సైజులు లేవు. ఆరువందల పైచిలుకు పేజీల్లో పుస్తకం చెప్తూనే పోతుంది, నువ్వు చెయ్యి అనదు. అభ్యాసం కావాలంటే రేమండ్ మర్ఫీ రాసిన 'ఇంగ్లీష్ గ్రామర్ ఇన్ యూజ్' పట్టుకోవాల్సిందే. ఎడమ పేజీలో వివరణ, కుడి పేజీలో ఎక్సర్‌సైజులు, సొంతంగా చదువుకునేవాళ్లకు అంతకంటే హాయి లేదు. కానీ మర్ఫీ ఆగిపోయే చోటే మా బ్యాచ్ ప్రశ్నలు మొదలవుతాయి.

రెండోది, ఇందులో ఉన్నది ప్రధానంగా బ్రిటిష్ ఇంగ్లీష్. అమెరికన్ తేడాలు ఎక్కడికక్కడ చెప్తారు. మన ఆఫీసుల్లో రోజూ నలిగే 'డూ ద నీడ్‌ఫుల్', 'ప్రీపోన్' లాంటివి ఎవరితో వాడొచ్చు, ఎవరితో వద్దు అనేది మనమే తేల్చుకోవాలి. నా మటుకు నేను 'ప్రీపోన్'ని దిద్దను. హైదరాబాద్ నుంచి బెంగళూరుకు రాసే మెయిల్‌లో దానికేం లోటు?

మూడోది కాస్త జాగ్రత్తగా వినాల్సింది. పోటీ పరీక్షలకు తయారయ్యేవాళ్లు ఈ పుస్తకాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకండి. 'ఎవ్రీబడీ' తర్వాత 'దెయిర్' రావచ్చని, మాటల్లో 'హూమ్' చాలా అరుదని స్వాన్ చెప్పేది నిజం. కానీ వాక్యంలో తప్పు పట్టుకోమనే ఎర్రర్ స్పాటింగ్ ప్రశ్నల ఆన్సర్ కీలు చాలావరకు పాత వ్యాకరణం లెక్కనే ఉంటాయి. అక్కడ 'నన్ ఆఫ్ దెమ్ ఆర్' రాసి, స్వాన్ ఒప్పుకున్నారంటే మార్కు రాదు. ఒకే బ్యాచ్‌లో ఐఈఎల్‌టీఎస్ వాళ్లు, బ్యాంకు పరీక్షలవాళ్లు కలిసి కూర్చుంటే నాకు తలనొప్పి వచ్చేది ఈ విషయంలోనే.

ఈమధ్య అందరూ ఫోన్‌లో చాట్‌బాట్‌ని అడిగేస్తున్నారు. తప్పేం లేదు, నేనూ అడుగుతాను. కాకపోతే అది తప్పు చెప్పినా అదే ధీమాతో చెప్తుంది. ఏదైనా తేడాగా అనిపిస్తే ఇద్దరం కలిసి స్వాన్ తెరుస్తాం. ఎక్కువసార్లు తగువు అక్కడితో తీరిపోతుంది.

ఏ ఎడిషన్ కొనాలన్నది చివరి ప్రశ్న. మూడోదాంట్లో అన్నీ అక్షరక్రమంలో ఉంటాయి. ఎవరైనా 'హాడ్ బెటర్' గురించి అడిగితే నిఘంటువు తిరగేసినట్టు 'హెచ్' దగ్గరికి పోతే చాలు, క్లాసు ఆగదు. నాలుగోదాంట్లో గ్రామర్‌ని విషయాల వారీగా సర్ది, విడి మాటల చిక్కుల్ని మాత్రం చివర అక్షరక్రమంలో పెట్టారు. కండిషనల్స్ అన్నీ ఒకచోట, రిలేటివ్ క్లాజులన్నీ (పైన చెప్పిన 'హూ', 'విచ్' రకం) ఒకచోట దొరుకుతాయి కాబట్టి ముందురోజు పాఠం తయారుచేసుకోవడానికి అదే మేలు. క్లాసు మధ్యలో మాత్రం ముందు ఇండెక్స్‌కి, అక్కడి నుంచి అసలు పేజీకి తిరగాలి, ఈలోగా అడిగినవాళ్లు ఫోన్ తీసేస్తారు. పాత పుస్తకాల షాపులో మూడోది బాగున్న కాపీ దొరికితే వదలకండి. కొత్తది ఒక్కటే కొనగలిగితే నాలుగోదే కొనండి, ఇండెక్స్ మొదలయ్యే పేజీకి మాత్రం కొన్న రోజే ఒక రంగు స్టిక్కర్ అంటించుకోండి.