ఎన్నికల్లో ధనబలానికి అడ్డుకట్ట: ప్రభుత్వ నిధులా, దామాషా పద్ధతా, పార్టీల లెక్కలకు రాజ్యాంగ నిబంధనా – ఏది మేలు?

ఎన్నికలలో డబ్బు ప్రభావం తగ్గాలంటే రాజ్యాంగంలో ముందుగా ఏ మార్పు రావాలని విజయవాడ, గుంటూరు పాఠకులు తరచుగా అడుగుతున్నారు. అడిగేవారిలో కొందరు ఎన్నికల ఖర్చును ప్రభుత్వమే భరించాలంటారు. కొందరు దామాషా ప్రాతినిధ్యం, అంటే పార్టీకి వచ్చిన ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు దక్కే పద్ధతి, రానిదే ఓటు కొనుగోలు ఆగదంటారు. ఇంకొందరు పార్టీలు తమ ఆదాయ వ్యయాలను బయటపెట్టడాన్ని రాజ్యాంగ విధిగా చేయాలంటారు. నేను మూడో పక్షాన ఉన్నాను. అయితే మిగిలిన రెండూ తీసిపారేయదగినవి కావు. ముఖ్యంగా దామాషా పద్ధతిపై నాకు గౌరవం ఉంది.

ఈ మూడింటినీ తూచేటప్పుడు నేను అన్నిటికంటే ముందు చూసేది ఒకటుంది: ఆ నియమం వల్ల ఇబ్బంది పడేవారు దాన్ని ఎంత సులువుగా మార్చుకోగలరు? నియమం ఎంత మంచిదన్న విచారణ దీని తర్వాతే. ఎందుకంటే మన దేశంలో మంచి నియమాలకు కొరత ఎప్పుడూ లేదు. వాటికి ఆయుష్షే తక్కువ.

అభ్యర్థి కోసం పార్టీ పెట్టిన ఖర్చును కూడా అభ్యర్థి ఖర్చులోనే కలిపి లెక్కించాలని కన్వర్‌లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు 1974 అక్టోబరులో తీర్పు ఇచ్చింది. ఆ నెల ముగియకముందే ఆర్డినెన్సు వచ్చి, ఆ తర్వాత చట్టమై, ప్రజాప్రాతినిధ్య చట్టం 77వ సెక్షన్‌కు చేర్చిన ఒక వివరణతో తీర్పు ఫలితం లేకుండా పోయింది. 2003లో ఆ వివరణను కొంత సవరించినా, పార్టీ ఖర్చుకు నేటికీ పరిమితి లేదు. మన రాష్ట్రంలో లోక్‌సభ అభ్యర్థికి 95 లక్షలు, శాసనసభ అభ్యర్థికి 40 లక్షలు అని 2022లో నిర్ణయించిన పరిమితిని కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎవరూ నిజమైన లెక్కగా భావించకపోవడానికి ఇది ఒక ప్రధాన కారణం.

కంపెనీల విరాళాల చరిత్ర కూడా ఇలాగే నడిచింది. 1969లో నిషేధించారు. 1985లో మళ్లీ అనుమతించారు. 2013 కంపెనీల చట్టం సగటు నికర లాభంలో ఏడున్నర శాతానికి మించరాదంది. 2017 ఆర్థిక చట్టం ఆ హద్దును తొలగించి, దాత పేరు బయటికి రాని ఎలక్టోరల్ బాండ్లకు దారి వేసింది. దాన్ని రాజ్యసభ ఆమోదం అవసరం లేని ద్రవ్య బిల్లుగా తెచ్చినందువల్ల రాజ్యసభ సూచించిన సవరణలను లోక్‌సభ తోసిపుచ్చగలిగింది. బాండ్ల పథకంతో పాటు ఆ హద్దు తొలగింపును కూడా రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టివేసింది. ఈలోపు ఒక లోక్‌సభ ఎన్నిక, అనేక శాసనసభ ఎన్నికలు ఆ నిధులతోనే జరిగిపోయాయి.

ఈ అనుభవాల నుంచే నేను రాజ్యాంగ సవరణను కోరుతున్నాను. రాజ్యాంగంలో చేరిన నిబంధనను ఆర్డినెన్సుతో తీసివేయలేరు, ద్రవ్య బిల్లుగా మార్చి రాజ్యసభను దాటవేయలేరు, ఉమ్మడి సమావేశం పెట్టి నెగ్గించుకోలేరు. 368వ అధికరణం ప్రకారం ఉభయ సభల్లోనూ విడివిడిగా, హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతుల మద్దతు, మొత్తం సభ్యుల్లో సగానికి మించిన మద్దతు ఉండాలి. అంత మెజారిటీ ఉన్నవారు దాన్నీ మార్చలేరా అని అడగవచ్చు. 1975 ఆగస్టులో 39వ సవరణ కొద్ది రోజుల్లోనే ఆమోదం పొంది, ప్రధానమంత్రి ఎన్నికను న్యాయస్థానాల పరిధి నుంచి తప్పించిన మాట నిజమే. కానీ స్వేచ్ఛగా, న్యాయంగా జరిగే ఎన్నికలు పార్లమెంటు సవరణతో కూడా చెరపలేని రాజ్యాంగ మౌలిక స్వరూపంలో భాగమన్న ప్రాతిపదికపై సుప్రీంకోర్టు అదే సంవత్సరం నవంబరులో ఆ సవరణలోని కీలక భాగాన్ని కొట్టివేసింది. రాజ్యాంగంలో ఒక రక్షణ చేరితే, దాన్ని తొలగించే ప్రయత్నాన్ని ఈ కొలమానంతో ప్రశ్నించే అవకాశం పౌరులకు ఉంటుంది.

ఇప్పుడు దామాషా పద్ధతి సంగతి. 2019లో విజయవాడ సెంట్రల్ శాసనసభ స్థానంలో గెలుపు ఓటములను తేల్చింది 25 ఓట్లు. ఆ ఎన్నికలో ఎవరు ఏం ఖర్చు చేశారన్న చర్చ ఇక్కడ అనవసరం. అలాంటి ఫలితాన్ని చూసిన ఏ అభ్యర్థి అయినా పోలింగుకు ముందు రెండు రాత్రులు ఏమి ఆలోచిస్తాడన్నదే ముఖ్యం. ఒక్క ఓటు ఆధిక్యంతో స్థానమంతా దక్కే పద్ధతిలో, చివరి కొన్ని వందల ఓట్ల కోసం ఎంత ఖర్చుకైనా సిద్ధపడడం అభ్యర్థి కోణం నుంచి సహేతుకంగానే కనిపిస్తుంది. పోల్ మేనేజ్‌మెంట్ పేరుతో మన వీధుల్లో, డివిజన్లలో జరిగే నగదు కవర్ల పంపకానికి మూలం ఇక్కడే ఉంది. ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు వచ్చే పద్ధతిలో ఆ చివరి ఓట్లకు అంత ధర పలకదు. లోక్‌సత్తా ద్వారా జయప్రకాశ్ నారాయణ్ ఏళ్ల తరబడి చెబుతున్న ఈ వాదనలో బలం ఉంది. లా కమిషన్ సైతం 1999లో 170వ నివేదికలోనూ, 2015లో 255వ నివేదికలోనూ కొన్ని స్థానాలకైనా ఈ పద్ధతిని సూచించింది. లోక్‌సభకు 81వ అధికరణం, శాసనసభకు 170వ అధికరణం ప్రాదేశిక నియోజకవర్గాల నుంచే ఎన్నిక జరగాలంటున్నాయి గనుక దీనికీ రాజ్యాంగ సవరణ తప్పదు.

అయినా నేను దీన్ని మొదటి స్థానంలో పెట్టలేకపోతున్నాను. దామాషా పద్ధతిలో పార్టీ తయారుచేసే జాబితాలో పేరు ఎంత పైన ఉంటే గెలుపు అంత ఖాయం. నేడు టికెట్ ఇచ్చేటప్పుడు ఎంత ఖర్చు పెట్టగలడని అడిగే పార్టీలు, రేపు జాబితాలో స్థానానికి అదే ప్రశ్న వేయవని చెప్పగల ఆధారం ఏదీ లేదు. అప్పుడు బేరం ఓటరు గుమ్మం నుంచి పార్టీ కార్యాలయానికి మారుతుంది, ప్రజల కంటికి ఇంకా దూరమవుతుంది. 2024లో గుంటూరు లోక్‌సభ స్థానానికి ఎన్నికైన పెమ్మసాని చంద్రశేఖర్ అఫిడవిట్‌లో సుమారు 5,700 కోట్ల రూపాయల కుటుంబ ఆస్తులు ప్రకటించారు. సంపద ఉండడం దోషం కాదు, ఆయన దాన్ని దాచలేదు, ఓటర్లు తెలిసే ఎన్నుకున్నారు. ఆ వివరం మనకు అందడానికి 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పే కారణం. నా ఆవేదన మరొకటి. సత్తెనపల్లి నుంచి నాలుగుసార్లు గెలిచిన వావిలాల గోపాలకృష్ణయ్య గారి వంటి వారికి, గన్నవరం నుంచి గెలిచిన పుచ్చలపల్లి సుందరయ్య గారి వంటి వారికి నేటి ప్రధాన పార్టీల వడపోతలో చోటు దొరుకుతుందా? అభ్యర్థి ఆస్తి వివరం ఓటరుకు తెలుస్తోంది, అతన్ని ఎంపిక చేసిన పార్టీకి ఎవరి డబ్బు వచ్చిందో మాత్రం పూర్తిగా తెలియడం లేదు.

ప్రభుత్వ నిధుల ప్రతిపాదనకూ ఇదే అడ్డంకి. 1998లో ఇంద్రజిత్ గుప్తా కమిటీ గుర్తింపు పొందిన పార్టీలకు నగదుగా కాక వస్తు రూపంలో సాయం అందించాలంది. 2002లో రాజ్యాంగ పనితీరును సమీక్షించిన వెంకటాచలయ్య కమిషన్ సరైన నియంత్రణ వ్యవస్థ ఏర్పడేదాకా ఆ ఆలోచనను వాయిదా వేయమంది. నాకు రెండో సలహాయే సబబుగా తోస్తుంది. ప్రభుత్వం ఇచ్చే సొమ్ము, దాతలు ఇచ్చే సొమ్ముకు బదులుగా కాక దానికి అదనంగా చేరితే, పన్ను కట్టేవాడికి భారం తప్ప మరేమీ మిగలదు. బదులుగా చేరిందో అదనంగా చేరిందో తేల్చాలంటే పార్టీ లెక్కలు తెరిచి చూడాలి.

ఈ విషయంలో జర్మనీ అనుభవం పనికివస్తుంది. పార్టీలు తమ నిధుల మూలాన్ని ప్రజలకు వెల్లడించాలన్న నియమాన్ని అక్కడ 1949 నాటి రాజ్యాంగం 21వ అధికరణంలోనే చేర్చారు. ప్రభుత్వ నిధులు 1959లో మొదలయ్యాయి. కానీ ఆ అధికరణాన్ని అమలుపరిచే పార్టీల చట్టం 1967 దాకా రాలేదు. అంటే నియమం రాస్తే చాలదు, అది ఎప్పటి నుంచి, ఎవరి చేతుల మీదుగా అమలు కావాలో అందులోనే ఉండాలి. మన రాజ్యాంగంలో 324వ అధికరణం తరువాత ఒక కొత్త అధికరణం చేర్చి, ప్రతి నమోదిత పార్టీ ఏటా తన ఆదాయాన్ని, ఖర్చును, ఆస్తులను ప్రకటించాలని, వాటిని ఎన్నికల సంఘం నియమించిన ఆడిటర్లు పరిశీలించాలని, గడువు దాటితే పన్ను మినహాయింపు, ప్రత్యేక గుర్తు రెండూ నిలిచిపోతాయని రాయాలి. గుర్తు పోతుందన్న భయం ముందు జరిమానా భయం ఏపాటిది? కేంద్ర సమాచార కమిషన్ 2013 జూన్‌లో ఆరు జాతీయ పార్టీలు సమాచార హక్కు చట్టం పరిధిలోకి వస్తాయని తేల్చినా అవి పాటించలేదు, ఏ పార్టీకీ నష్టమూ కలగలేదు.

కవర్లలో పంచే నగదు ఏ పార్టీ లెక్కల్లోనూ కనిపించదు గదా అన్నది ఈ ప్రతిపాదనపై వచ్చే న్యాయమైన అభ్యంతరం. ఈ అధికరణం ఒక్కటే ఆ పంపకాన్ని ఆపలేదని ఒప్పుకుంటాను. 2019లో వేలూరు లోక్‌సభ ఎన్నిక రద్దయినట్లు, పట్టుబడిన చోట ఎన్నికను రద్దు చేసే ధైర్యం అవసరమే. కానీ సభలు, వాహనాలు, ప్రకటనలు, సర్వే సంస్థలకు పార్టీ చెల్లించిన ప్రతి రూపాయీ ఆడిట్‌కు వస్తే, బయటికి కనిపించే ఖర్చుకూ లెక్కల్లో చూపిన ఖర్చుకూ మధ్య తేడా తెలిసి, నగదు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగే చోటు ఏర్పడుతుంది. ఆ తరువాతే దామాషా పద్ధతిని, ప్రభుత్వ నిధులను ధైర్యంగా తేవచ్చు.

ఖర్చు పరిమితిని పెంచితే దొంగ లెక్కలు తగ్గుతాయన్న వాదన, జమిలి ఎన్నికలతో ఖర్చు తగ్గుతుందన్న వాదన ఈ పోలికలో నిలవవు. రెండూ ఖర్చు పరిమాణం గురించి మాట్లాడతాయి, డబ్బు ఎవరిదన్న విషయాన్ని తాకవు. అమెరికాలో ఎన్నికల ప్రచారంపై కంపెనీలు స్వతంత్రంగా చేసే ఖర్చుకు ఉన్న హద్దులను కొట్టివేసిన 2010 నాటి సిటిజన్స్ యునైటెడ్ తీర్పును రాజ్యాంగ సవరణతో తిప్పికొట్టాలన్న ఉద్యమం కూడా మనకు నమూనా కాదు. ఖర్చుకు హద్దు పెట్టడమే వాక్ స్వాతంత్య్రానికి భంగమన్న చిక్కు అక్కడిది.

దాతల భయం గురించి మాత్రం జవాబు చెప్పవలసి ఉంది. వన్‌టౌన్ వ్యాపారి గానీ, గుంటూరు మిర్చి యార్డు కమీషన్ వ్యాపారి గానీ ఓడిన పార్టీకి విరాళం ఇచ్చినట్లు బయటపడితే గెలిచినవారు కక్ష కడతారని అంటారు. ఈ భయం నిజమైనదే. చిన్న విరాళం ఇచ్చే పౌరుడి పేరు రహస్యంగా ఉండడానికి నాకు అభ్యంతరం లేదు. ఇప్పుడున్న 20 వేల రూపాయల హద్దును ఆ మేరకు ఉంచవచ్చు. అయితే ఒకే దాత ఏడాదిలో ఇచ్చినదంతా కలిపి ఆ హద్దును లెక్కించాలి. కంపెనీకి మాత్రం ఒక్క రూపాయికి కూడా ఆ రహస్యం వర్తించరాదు. ఏ ప్రభుత్వ కాంట్రాక్టు ఎవరికి దక్కిందో, ఆ కంపెనీ ఏ పార్టీకి ఎంత ఇచ్చిందో రెండూ పక్కపక్కన పెట్టి చదువుకునే హక్కు ఓటరుకు పోలింగుకు ముందే ఉండాలి. అందుకని ఎన్నికల ప్రకటన వెలువడిన తరువాత వచ్చే కంపెనీ విరాళాలను వారం లోపు ప్రకటించాలన్న గడువును కూడా నేను ఆ అధికరణంలోనే కోరుతున్నాను.