మామయ్య అత్తరు కోసం బెజవాడ వెళ్లాం

మా మామయ్య షమామా సీసా అయిపోయి ఏడాది దాటింది. ఇంకేదైనా వాడండి అంటే వినే మనిషి కాదు. చలికాలం వస్తే ఆయన పూసుకునేది ఆ అత్తరు ఒక్కటే. అందుకని డిసెంబరులో ఆయన్నీ అత్తయ్యనీ వెంటబెట్టుకుని రాజమండ్రి నుంచి బెజవాడ వెళ్లాను. రైలు, అమ్మవారి దర్శనం, పులిహోర ప్రసాదం, అన్నీ బాగా జరిగాయి.

లాడ్జి దగ్గరే ఒళ్లు మండింది. ఫోన్లో పన్నెండు వందలన్న గదికి, భవానీల దీక్ష విరమణ రద్దీ అంటూ రెండు వేల రెండొందలు అడిగారు. గదినిండా ఫినాయిల్ వాసన. వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి ఏడున్నర దాకానే, అవీ కిందికెళ్లి అడిగితేనే. అత్తయ్యకు తలనొప్పి పట్టుకుని మాట్లాడటం మానేసింది. మామయ్య రిటైరైన లెక్కల మాస్టారు. "ఫోన్లో చెప్పింది మాట కాదా?" అని ఆయన గొంతు పెంచితే రెండొందలు తగ్గించారు. దీక్ష విరమణ రోజుల్లో వెళ్లేవాళ్లు అడ్వాన్సు కట్టి, గది ధర రాసిన రసీదు ఫోన్‌కి తెప్పించుకోండి. నోటిమాట నమ్మొద్దు.

రెండో మోసం నేనే కొనుక్కున్నాను. మెయిన్ రోడ్డు మీద ఏసీ షాపులో "ప్యూర్ ఊద్" (అగరు చెక్క నూనె) అని ఆరు మిల్లీలీటర్లు ఏడొందల యాభైకి ఇచ్చారు. కాగితం ముక్క మీద వాసన చూపించి, ఆలోచించే లోపే బిల్లు కొట్టేశారు. అరగంటలో వాసన పోయింది, చేతి మీద జిడ్డు మిగిలింది. అసలైన ఊద్ నూనె తులం వేలల్లో, మంచిదైతే ఇంకా పైన ఉంటుంది. ఈ లెక్క కొనేముందే గుర్తుకు రావాల్సింది.

తర్వాత వన్‌టౌన్‌లో పంజా సెంటర్ వైపు ఒక సందులో చిన్న కొట్టుకు వెళ్లాం. అక్కడున్న పెద్దాయన గాజుపుల్లతో మామయ్య మణికట్టు మీద ఒక చుక్క రాశారు. "ఇప్పుడు కొనకండి. గంట తిరిగి రండి, అప్పుడు చెప్పండి" అన్నారు. కొనడానికి వచ్చినవాళ్లని కొనొద్దని పంపిన కొట్టు నేను ఇంకోటి చూడలేదు.

కాళేశ్వరరావు మార్కెట్లో తిరుగుతుంటే ఎందుకలా అన్నారో తెలిసింది. షమామా మొదట ముక్కు మీద కొడుతుంది, ఆయుర్వేద కషాయంలా, ఘాటుగా. జటామాంసి, లవంగం, జాజికాయ, జాపత్రి, బిరియానీలో వేసే రాతిపువ్వు, ఇలా బోలెడు దినుసులు పడతాయి అందులో. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో డేగులనే పెద్ద రాగి పాత్రల్లో మరిగించి, ఆ ఆవిరిని గంధం నూనెలోకి దించుతారు. ఘాటు తగ్గాక అడుగునున్న వెచ్చదనం పైకి వస్తుంది. సాయంత్రం దాకా పోదు.

మామయ్య కూడా అంతే. మా ఆయన కొత్తల్లుడిగా వెళ్లిన మొదటిరోజు, కాఫీ అయినా ఇవ్వకముందే జీతమెంత, అప్పులెన్ని అని నిలదీశారు. మా ఆయన బిక్కచచ్చిపోయారు. ఆ రాత్రి చలికి ముడుచుకుని పడుకుంటే, లేచి వచ్చి తన శాలువా కప్పి వెళ్లింది మామయ్యే. పొద్దున శాలువా వాసన చూసి ఎవరిదో తెలుసుకున్నారు. నాన్న ఆసుపత్రిలో ఉన్న నాలుగు రాత్రులూ ఐసీయూ బయట బల్ల మీద నేను కునుకు తీసి లేచినప్పుడల్లా ముందు తెలిసేది ఆ వాసనే. కళ్లు తెరవకుండానే ధైర్యం వచ్చేది.

గంట తర్వాత తిరిగి వెళ్లాం. రెండు రకాలున్నాయి, తులం ఆరొందలు ఒకటి, పద్నాలుగు వందలు ఒకటి. "ఖరీదైనదాంట్లోనూ అసలు గంధం నూనె కొంతే ఉంటుందమ్మా. మొత్తం దానిమీదే తీసింది ఈ ధరకి రాదు" అని పెద్దాయన ముందే చెప్పారు. గంధం నూనె కిలో లక్ష పైమాటే కాబట్టి ఆయన చెప్పింది నిజమే. పద్నాలుగు వందలదే తీసుకున్నాం. శివరాత్రి దాటాక ఇది పూయొద్దని, వేడి చేస్తుందని, ఎండల్లో వట్టివేళ్ల అత్తరు వాడమని మామయ్యకు చెప్పారు. ఎవరి మాటా వినని మామయ్య బుద్ధిగా తలూపారు. చెవి వెనక ఒక చుక్క, మణికట్టు మీద ఒక చుక్క చాలు. చొక్కాకి రాస్తే మరక పోదు.

డబ్బులిచ్చి బయటికి వస్తూ చూస్తే, సీసా మూత తుడిచిన దూదిని అత్తయ్య కొంగు చివర ముడి వేసుకుంటోంది. తలనొప్పి తగ్గిందా అని అడిగాను.

"ఏడాదిగా ఇల్లు ఇల్లులా లేదే" అంది.