జాగ్రత్త: కనిపించని ఎడాప్టర్‌ను తీసినందుకు 2,900 రూపాయలు గుంజారు

ఇప్పుడే ఇంటికి వచ్చాను. ఒళ్లు మండిపోతోంది, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. దుకాణం పేరు రాయను. పాత కంప్యూటర్లు బాగుచేయించుకునేవాళ్లు చాలామంది ఎప్పుడో ఒకప్పుడు ఆ మెట్లు ఎక్కినవాళ్లే, మీకే తెలుస్తుంది.

సంగతి క్లుప్తంగా చెబుతాను. మొన్న పిడుగు పడ్డప్పుడు మా ఆఫీసు కంప్యూటర్‌లో నెట్‌వర్క్ కేబుల్ పెట్టే పోర్టు పోయింది. అదే దుకాణంలో 700 పెట్టి యూఎస్‌బీకి తగిలించే ఎడాప్టర్ (నెట్‌వర్క్ కేబుల్‌ను కంప్యూటర్‌కు కలిపే చిన్న పరికరం) కొన్నాను. అది బాగానే ఉంది. పాత ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌ను గుర్తుపట్టే అంకెలు) 192.168.1.50 దానికి ఇవ్వబోతే మాత్రం, ఆ చిరునామా ఇప్పటికే మరో ఎడాప్టర్‌కు ఉందని పెద్ద హెచ్చరిక వచ్చింది. మిగతా రెండు కంప్యూటర్లూ లెక్కల కోసం ఆ చిరునామానే వెతుక్కుంటాయి, మార్చడానికి లేదు. కంగారుపడి పెట్టెను ఆటోలో వేసుకుని వెళ్లాను.

యజమాని తెర వైపు చూశాడో లేదో, "బోర్డు దెబ్బతింది సార్. విప్పి చూడాలి, రెండు రోజులు పడుతుంది" అన్నాడు. పిడుగు పడిన మాట నిజమే కదా అని తల ఊపాను.

ఈ రోజు వెళ్తే బిల్లు సిద్ధంగా ఉంది. చిప్ సర్వీసు 1,800, సాఫ్ట్‌వేర్ 1,200. నేను బేరమాడితే వంద తగ్గించాడు మహానుభావుడు. డబ్బు లెక్కపెడుతుండగా లోపలి నుంచి పనిచేసే కుర్రాడు తల బయటపెట్టి, "సార్, ఈయనది ఆ దాగిన ఎడాప్టర్ తీసేయడమే కదా, అది మొన్ననే అయిపోయింది. ఇంకేమైనా చేయాలా?" అని అడిగాడు. యజమాని వాడి వైపు చూసిన చూపు మీరు చూసి ఉండాల్సింది. దుకాణంలో మరో నలుగురు ఉన్నారు. "దాగిన ఎడాప్టర్ అంటే ఏమిటండీ? మరి చిప్ సర్వీసు ఏది?" అన్నాను. ఆయన నోట్లను సొరుగులో పడేసి, నా వైపు తిరగకుండానే, "మీకు చెప్పినా అర్థం కాదు లెండి. పని అయిందా లేదా, అది చూసుకోండి" అన్నాడు. ఆ నలుగురిలో ఒకాయన నవ్వాడు కూడా.

2,900 పోయినందుకు కాదు, ఆ నవ్వుకే నాకు ఇంకా నిప్పు చల్లారడం లేదు.

ఇంటికి తెచ్చి పెట్టెను బల్ల మీద పెట్టి చూశాను. పోయిన దసరాకు ఆయుధపూజ చేసినప్పుడు మా ఆవిడ కేబినెట్ పక్క పలక మీద పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. ఆ పసుపు పలక దాటి అంచు మీదికి, పక్కనున్న మర మీదికి కూడా పాకింది. ఎండిపోయి, పెళుసుగా, ఎక్కడిదక్కడే ఉంది. చిన్న పగులు కూడా లేదు. మరను తిప్పకుండా, పలకను తీయకుండా చిప్‌కు సర్వీసు చేశారంటే అది చేతి చలవే అనుకోవాలి!

హైదరాబాద్‌లో ఉండే మేనల్లుడికి ఫోను చేస్తే, "మామయ్యా, ఆ హెచ్చరిక చివరిదాకా చదివావా?" అన్నాడు. చదవలేదు. ఎర్రగా కనిపించింది, మూసేశాను. ఆ ఎడాప్టర్ ఇప్పుడు కంప్యూటర్‌లో లేదని, దాని పేర ఉన్న చిరునామాను తొలగించమంటారా అని చివర అదే అడుగుతుందట. అవును, కాదు అని రెండు బొత్తాములు. నేను భద్రంగా 'కాదు' నొక్కాను. ఇరవై రెండేళ్లుగా ఊరందరి ఖాతాల్లో అర్ధ రూపాయి తేడా పట్టుకునేవాణ్ణి, నాలుగు వాక్యాలు చదవలేకపోయాను.

పిడుగుకు పోయిన ఆ పోర్టు కూడా విండోస్ లెక్కలో ఒక ఎడాప్టరే. ఎడాప్టర్ పోయినా, పీకేసినా మనం మర్చిపోతాం గానీ విండోస్ మర్చిపోదు. దాని పేరు, దానికిచ్చిన చిరునామా అలాగే దాచి ఉంచుతుంది. ఉన్న కోపానికి నా ల్యాప్‌టాప్ తెరిచి నేనే చూశాను. వెలిసిపోయిన రంగులో వరుసగా బొమ్మలు: ఎప్పుడో తమ్ముడికి ఇచ్చేసిన వైఫై పుల్ల, నెట్ కోసం కేబుల్‌తో కలిపిన రెండు పాత ఫోన్లు, నెల వాడి తీసేసిన వీపీఎన్ తాలూకు ఎడాప్టర్. కేబుల్ కనెక్షన్‌కు విండోస్ పెట్టే 'ఈథర్నెట్' అనే పేరు పక్కన 4 అనే అంకె ఎందుకు వచ్చిందో ఇన్నాళ్లకు తెలిసింది. అన్నీ తీసేయడానికి నాకు పట్టింది నాలుగు నిమిషాలు, అదీ కళ్లజోడు వెతుక్కోవడంతో కలిపి.

మీకూ ఇలాగే వస్తే దుకాణానికి పరుగెత్తకండి. స్టార్ట్ బొత్తాం మీద కుడి క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. 'వ్యూ' మెనూలో 'షో హిడెన్ డివైసెస్' ఎంచుకుని, నెట్‌వర్క్ ఎడాప్టర్ల వరుస విప్పండి. వెలిసిపోయినట్టు కనిపించే పాతదాని మీద కుడి క్లిక్ చేసి అన్ఇన్‌స్టాల్ నొక్కితే చాలు. వ్యాన్ మినీపోర్ట్ అని ఉన్నవి విండోస్ సొంతవి, వాటి జోలికి పోవద్దు. ముందుగా మీ ఐపీ చిరునామా కాగితం మీద రాసిపెట్టుకోండి. విండోస్ 7లో అయితే ఇంకో ఆదేశం కూడా కావాలి, 8 నుంచి ఇదే సరిపోతుంది.

చిప్ సర్వీసు అని రాసిన బిల్లు నా దగ్గరే ఉంది. పసుపు చెదరకుండా ఫోటోలు తీసి పెట్టాను. రేపు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తున్నాను. అదే దుకాణంలో చిప్ సర్వీసు బిల్లు కట్టినవాళ్లు ఉంటే, మీ పెట్టె మరలు ఒకసారి చూసుకుని నాకు చెప్పండి.