లిబర్టీ హాల్, క్రాఫోర్డ్‌విల్: చూడదగిన ఇల్లు, ఆలోచించదగిన జీవితం

అట్లాంటా నుంచి ఐ-20 రహదారిపై తూర్పుగా సుమారు 100 మైళ్లు వెళ్తే వచ్చే క్రాఫోర్డ్‌విల్‌లో, అమెరికా అంతర్యుద్ధ కాలపు దక్షిణాది నేత అలెగ్జాండర్ స్టీఫెన్స్ నివసించిన లిబర్టీ హాల్‌ను జార్జియా రాష్ట్రం 1875 నాటి రూపంలో కాపాడుతోంది. అమెరికా అంతర్యుద్ధాన్ని పాఠ్యపుస్తకాల్లో మాత్రమే చదివిన మా కుటుంబానికి ఈ సందర్శన ఎంతో నేర్పింది.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది పడకగదిలోని చక్రాల కుర్చీ. 1812లో పుట్టి, పద్నాలుగో ఏట తల్లిదండ్రుల నీడ కోల్పోయి, 1834లో వకీలైన స్టీఫెన్స్ బక్కపలచని మనిషి. బరువు 45 కిలోలు దాటేది కాదు. 1869లో ఇనుప గేటు ఒకటి ఆయన మీద పడడంతో నడక దెబ్బతిన్నా, 1873లో మళ్లీ అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌కు వెళ్లారు. 1882లో జార్జియా గవర్నరుగా ఎన్నికై, 1883 మార్చి 4న పదవిలో ఉండగానే కన్నుమూశారు. అంతటి పట్టుదలను మెచ్చుకోకుండా ఉండలేం. మెక్సికో యుద్ధంపై 1848లో ఆయన చేసిన ప్రసంగం విని సాటి సభ్యుడు, తర్వాత అధ్యక్షుడైన లింకన్ కంటతడి పెట్టారట.

అయితే ఆ వాగ్ధాటి ఏ పనికి ఉపయోగపడిందన్నది మరచిపోకూడదు. దక్షిణాది రాష్ట్రాలు అమెరికా నుంచి విడిపోవడాన్ని మొదట వ్యతిరేకించిన ఆయనే, అవి విడిపోయి ఏర్పరచుకున్న కాన్ఫెడరసీకి ఉపాధ్యక్షుడై, 1861 మార్చి 21న సవానా నగరంలో, నల్లజాతివారు తెల్లవారితో సమానులు కారన్న భావనే తమ కొత్త ప్రభుత్వానికి పునాదిరాయి అని ప్రకటించారు. యుద్ధం ముగిశాక ఆయనను అరెస్టు చేసింది ఈ ఇంట్లోనే; బోస్టన్ రేవులోని ఫోర్ట్ వారెన్‌లో ఐదు నెలలు ఖైదులో ఉంచారు.

కాబట్టి ముందుగదుల్లోని సామాను చూసి వెనుదిరగవద్దు. ఇంటి వెనుక వైపుకు నడిచి, ఆయనకు బానిసలుగా బతికి, విముక్తి తర్వాత కూడా ఈ ఇంట్లోనే పనిచేసిన హ్యారీ, ఎలైజా దంపతులను తలచుకోండి. స్వేచ్ఛ పేరు పెట్టుకున్న ఇంట్లో వారి రోజులు ఎలా గడిచాయని మా అమ్మాయి అడిగింది. తిరుగు ప్రయాణమంతా మేము దాని గురించే మాట్లాడుకున్నాం.

ఇంటి ముందు ఆయన విగ్రహం, సమాధి ఉన్నాయి. పదేళ్లు దాటిన పిల్లలతో, కనీసం రెండు గంటలు కేటాయించుకుని, మ్యూజియం తెరిచి ఉండే వేళలు ముందే కనుక్కుని వెళ్లండి.